లిపో ప్యాక్: ఎంతదాకా ఎక్కించాలి, ఎక్కడ ఆపాలి

డ్రోన్లలో వాడే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ 4.20 వోల్టుల దగ్గర నిండుతుంది. 3ఎస్ ప్యాక్‌కు, అంటే మూడు సెల్స్ వరసగా కలిపినదానికి, 12.60; 4ఎస్‌కు 16.80. ఛార్జర్ మాటే నమ్మకుండా అప్పుడప్పుడు మల్టీమీటర్ పెట్టి చూడండి. సెల్‌కు 4.25 కనిపిస్తే ఆ ఛార్జర్‌ను పక్కన పెట్టేయాల్సిందే. నిండాక ఇంకా ఎక్కిస్తే ఆనోడ్ (సెల్ లోపలి నెగటివ్ పలక) మీద లిథియం లోహం పేరుకుంటుంది, ఎలక్ట్రోలైట్ (లోపలి రసాయనం) విడిపోయి గ్యాస్ పుడుతుంది. ప్యాక్ ఉబ్బేదీ, అంటుకునేదీ అందుకే.

కింది హద్దు 3.0. అక్కడిదాకా లాగకండి. సెల్‌కు 3.5 దగ్గర అలారం పెట్టుకుంటే డ్రోన్‌ను దించుకునే వ్యవధి ఉంటుంది.

మొత్తం వోల్టేజీ చూసి మోసపోయేవాళ్ళే ఎక్కువ. 3ఎస్ ప్యాక్ 11.40 చూపిస్తే సెల్‌కు 3.80 అనుకుంటాం. లోపల 3.98, 3.97, 3.45 ఉన్నా మొత్తం అంతే వస్తుంది! మళ్ళీ ఎగరేస్తే ఆ మూడోది అందరికంటే ముందు 3.0 కిందికి జారుతుంది. అందుకే ఒక్కో సెల్‌నూ ఛార్జర్‌కు విడిగా చూపించే బ్యాలెన్స్ కనెక్టర్ ప్రతిసారీ గుచ్చి, సెల్స్‌ను సమం చేసే బ్యాలెన్స్ మోడ్‌లోనే ఛార్జ్ చేయాలి. కరెంటు 1సీ చాలు, అంటే ప్యాక్ సామర్థ్యం ఎంతో అంత: 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు.

ఛార్జర్‌లో సెల్ రకం తప్పు పెడితే ఈ లెక్కలన్నీ వృథా. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ 3.65 దగ్గర ఆగాలి, 2.5 కింద పడకూడదు. దాన్ని లిపో మోడ్‌లో పెడితే ఛార్జర్ 4.20 దాకా తోసేస్తుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ అయితే నిండాక వోల్టేజీ కాస్త పడుతుంది, ఛార్జర్ దాన్ని పసిగట్టి ఆపుతుంది. సెల్ వేడిగా ఉంటే ఆ తగ్గుదల సరిగ్గా తెలియదు. వాడేటప్పుడు సెల్‌కు 1.0 దగ్గర ఆపండి.

ఇక మన ఎండ సంగతి. చాలా లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం అనంతపురంలోనో కర్నూలులోనో రేకుల గదిలో ఆ వేడి రావడం పెద్ద వింతేం కాదు. తెల్లవారుజామున పెట్టుకోండి. అప్పుడే దించిన ప్యాక్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. మంచం మీద, పరుపు మీద వద్దే వద్దు. ఇంట్లో మిగిలిన కడప బండ ముక్క వేసి దాని మీద పెట్టండి, పక్కన బకెట్‌లో ఇసుక ఉంచండి. దగ్గరే ఉండండి. కరెంటు పోయి వస్తే సెల్ రకం, సంఖ్య మళ్ళీ చూసుకుని మొదలుపెట్టండి.

రెండు మూడు రోజులు ఎగరేసేది లేకపోతే ఛార్జర్ స్టోరేజ్ మోడ్‌లో సెల్‌కు 3.80–3.85కు తెచ్చి ఉంచాలి. నిండు ప్యాక్‌ను వేసవిలో కారు డిక్కీలో వదిలేస్తే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని గుచ్చకండి, మళ్ళీ ఛార్జ్ చేయకండి, చెత్తబుట్టలో వేయకండి. టెర్మినల్స్‌కు టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి.