ఎండాకాలం సెలవుల్లో చిన్న పిల్లలతో ఇంటా బయటా

మన బడులకు వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం వరకు ఉంటాయి. ఈ ఏడు వారాల పాటు మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు పొద్దు ఎలా పుచ్చాలన్న బెంగతో చాలామంది తల్లిదండ్రులు వేసవి శిబిరాల కోసం, కొత్త బొమ్మల కోసం వెతుకుతారు. నేను చూసినంతలో ఆ వయసు పిల్లలు కోరేది అంతకంటే చిన్నది. పెద్దలు చేసే పనిలో తమ చేతికీ ఒక వాటా దొరకాలి, ఆ పని ముగిసేదాకా ఎవరూ తొందర పెట్టకూడదు.

ముందుగా రోజును ఎండను బట్టి పంచుకోవాలి. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక ఆరుబయట గడపవచ్చు; పదకొండు నుంచి నాలుగు వరకు ఇంటి నీడ దాటకూడదు. పూటకు ఒక్క పని పెట్టుకుంటే చాలు.

పొద్దుటి పనులలో పిల్లలకు ఎక్కువగా నచ్చేది సగ్గుబియ్యం వడియాలు పెట్టడం. ఒక గ్లాసు సగ్గుబియ్యాన్ని రాత్రే నానబెట్టి, తెల్లవారాక ఐదారు గ్లాసుల నీటిలో గింజ అద్దంలా మారేవరకు ఉడికించి, ఉప్పు, జీలకర్ర, కొద్దిగా పచ్చిమిర్చి ముద్ద కలపాలి. వేడి జావ ఒంటి మీద పడితే అంటుకుని కాలుస్తుంది కనుక, అది గోరువెచ్చగా చల్లారిన తరువాతే గిన్నెను పిల్లల దగ్గరకు తేవాలి. తడిపి పిండిన పాత పంచెను డాబా మీద పరిచి, చెంచాతో ఒక వరుస మనం పెట్టి చూపిస్తే మిగిలిన వరుసలు వారే పెడతారు. వాటిలో కొన్ని ఒకదానికొకటి అతుక్కుంటాయి, కొన్ని రూపాయి బిళ్లంత, కొన్ని అప్పడమంత వస్తాయి. వాటిని సరిదిద్దవద్దు. వేయించిన రోజున పళ్లెంలో తన చేతి వడియాన్ని గుర్తుపట్టడమే ఆ పిల్లకు అసలైన సంబరం, అన్నీ ఒకే తీరుగా ఉంటే ఆ సంబరం ఉండదు. కాకులకు కాపలా కాసే పని కూడా ఎండ ముదరనంత వరకు పిల్లలకే అప్పగించవచ్చు. మరునాడు పంచెను తిరగేసి వెనుక నీళ్లు చిలకరిస్తే వడియాలు ఊడి వస్తాయి. వాటిని గలగలలాడేదాకా మళ్లీ ఎండబెట్టి డబ్బాలో పోసుకోవాలి.

ముంజలు కొన్నప్పుడు, ముంజలు తీసేసిన కాయలను రెండింటిని అడిగి తెచ్చుకోండి. గట్టి పుల్లను ఇరుసుగా చేసి దాని రెండు కొసలకు ఆ కాయలను గుచ్చి, పొడవాటి పంగల కర్రలో పంగ ఇరుసు మధ్య ఆనేలా పెట్టి తోస్తే అది బండి అవుతుంది. కత్తితో చేసే పని అంతా పెద్దలది, కర్రను వెతికి తేవడం పిల్లలది. సాయంత్రం వీధి చివరిదాకా ఆ బండిని తోసుకువెళ్లి తిరిగి రావడంతో గంట తెలియకుండా గడిచిపోతుంది, రెండు రోజుల్లో కాయలు వాడిపోతే మళ్లీ ముంజలు కొనడానికి కారణం కూడా దొరుకుతుంది. పట్నంలో తాటికాయలు దొరకని వారు ఒక కొబ్బరాకు తెచ్చుకుని, ఈనె తీసేసిన రెబ్బను సన్నగా మొదలుపెట్టి వెడల్పుగా చుట్టుకుంటూ పోయి, చివర పుల్లతో గుచ్చి, సన్నని కొసను కొద్దిగా నొక్కితే బూర తయారవుతుంది.

మధ్యాహ్నానికి చింతపిక్కలు ఉంటే చాలు. గుప్పెడు పిక్కలను కుప్పగా పోసి ఉఫ్ అని ఊది, విడిపోయిన వాటిని పక్క పిక్క కదలకుండా ఏరుకోవడం నాలుగేళ్ల పిల్లలు కూడా ఆడగల ఆట. అష్టాచెమ్మాకు గవ్వలు లేకపోతే, నాలుగు పిక్కలను ఒక పక్క తెల్లగా తేలేవరకు బండ మీద అరగదీయాలి. ఆ అరగదీయడమే ఒక మధ్యాహ్నపు పని. మూడేళ్లలోపు పిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం పిక్కలను లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి దాచాలి, ఎందుకంటే అవి గొంతులో అడ్డుపడతాయి.

కొత్త కుండను తెచ్చిన రోజున దానిలోనూ, స్టీలు బిందెలోనూ ఒకే కుళాయి నీళ్లు నింపి పక్కపక్కన పెట్టండి. కొన్ని గంటల తరువాత రెండింటినీ పిల్లలచేత ముట్టించి, కుండ ఒంటి మీది చెమ్మను చూపించాలి. మట్టి రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుందని చెబితే, తమ ఒంటి చెమటకు కూడా అదే పని ఉందని వారు తేలికగా గ్రహిస్తారు. అందుకే ఆడుకున్న పిల్లలకు దాహం వేయకముందే పలుచని మజ్జిగ, నిమ్మరసం ఇస్తూ ఉండాలి. ఆరు నెలలు నిండని పసివారికి మాత్రం ఎండాకాలంలో కూడా తల్లిపాలు చాలు. పిల్ల మందకొడిగా పడి ఉన్నా, తెలివి తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా తడిబట్టతో తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

సాయంత్రం గోడ మీద పిట్టల కోసం మట్టి మూకుడులో నీళ్లు పోయడం, మల్లెమొగ్గలను జతలుగా పేర్చి మాల కట్టే వారికి అందించడం పిల్లల వంతు. పొద్దు గూకాక డాబా మీద నీళ్లు చల్లి, వేడి దిగిన తరువాత చాపలు వేసుకోండి. పిట్టగోడ లేని డాబా మీదికి మాత్రం పిల్లలను తీసుకువెళ్లవద్దు. మే నెల నడుమ రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు తిరిగితే సప్తర్షి మండలం ఎదురుగా కనిపిస్తుంది. దాని తోక కుడి చేతి వైపు వంగి ఉంటుంది. ఆ వంపు వెంబడే చూపును పైకి పోనిస్తే నారింజ రంగు స్వాతి, ఇంకా ముందుకు పోనిస్తే దక్షిణాన తెల్లని చిత్త కనిపిస్తాయి. తోక చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు, దాని పక్కనే మసకగా ఉన్నది అరుంధతి. పెళ్లిళ్లలో ఆ పేరు విన్న పిల్లలు దాన్ని పట్టుకునేదాకా నిద్రపోరు. అమావాస్య దగ్గరి రాత్రులలో అది సులువుగా చిక్కుతుంది. పున్నమి రోజుల్లో చుక్కల వెతుకులాట మాని, అన్నంలో పప్పు, నెయ్యి, పెద్ద పిల్లలకైతే ఆవకాయ కలిపి, వెన్నెలలో చుట్టూ కూర్చున్న అందరి చేతుల్లో ఒక్కొక్క ముద్ద పెట్టండి.