విశాఖ బీచ్ రోడ్డును ఒక్క రోజులో చూడటం ఎలా? భీమిలి నుంచి వెనక్కి రండి

విశాఖపట్నం వచ్చినవాళ్లలో చాలామంది తీరిగ్గా టిఫిన్ చేసి తొమ్మిదింటికి ఆర్కే బీచ్‌కి చేరతారు. జలాంతర్గామి మ్యూజియం అప్పటికి తెరిచి ఉండదు. సరే, తర్వాత చూద్దామని ఉత్తరంగా బయల్దేరి కైలాసగిరి, రుషికొండ చూసుకుంటూ ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. ఇసుక కాలుతుంటుంది, తలదాచుకునే నీడ ఉండదు. భీమిలి చూడకుండానే వెనక్కి తిరుగుతారు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, అలసిపోయి మ్యూజియానికి చేరతారు.

అదే దారిని తిరగేస్తే అన్నీ కుదురుతాయి. తెల్లవారకముందే దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని భీమిలికి వెళ్లిపోయి, అక్కడి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ ఊళ్లోకి రావాలి. ఎండ ముదరకముందే ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ అయిపోతాయి. ఊరి నడిబొడ్డుకు వచ్చేసరికి మ్యూజియాలు తెరిచి ఉంటాయి.

ముందు రోజే తేల్చుకోవాల్సినవి

వారం చూసుకోండి. ఆర్కే బీచ్ దగ్గరి జలాంతర్గామి, విమాన మ్యూజియాలకు సోమవారం సెలవు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి కానీ సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఇసుక కన్నా జనమే ఎక్కువ. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా మంచిదే.

కాలం విషయానికొస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధపెడుతుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, తెలియకుండానే నీరసం కమ్మేస్తుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఇక్కడే. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వింటే ఆ రెండు మూడు రోజులు బీచ్ ప్రయాణం మానుకోండి. వాన పడకపోయినా అలలు మాత్రం ముందే లేస్తాయి.

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు, పౌర్ణమి రోజు కూడా ఈ ప్రయాణం పెట్టుకోకండి. సింహాచలం గిరి ప్రదక్షిణ దాదాపు 32 కిలోమీటర్లు. ఆ దారి జోడుగుళ్లపాలెం, అప్పుఘర్ మీదుగానే పోతుంది. లక్షల మంది కాలినడకన వస్తారు కాబట్టి బీచ్ రోడ్డులో బండి కదలదు. నౌకాదళ విన్యాసాలు జరిగే రోజున, రిహార్సల్స్ రోజుల్లోనూ ఆర్కే బీచ్ వైపు అంతే.

బండి సంగతి. సూర్యోదయం అందుకోవాలంటే రోజంతటికీ ఆటోనో కారో ముందు రోజే మాట్లాడుకోవాలి. "భీమిలి వెళ్లి, ఆగుకుంటూ ఆర్కే బీచ్ దాకా" అని స్పష్టంగా చెప్పి, ఆగే చోట్ల పేర్లన్నీ ముందే వినిపించండి. తొట్లకొండ ఎక్కడం, వెయిటింగ్ కూడా ఆ రేటులోనే అని ఒప్పించుకోండి. గొడవలు దాదాపు ఎప్పుడూ ఈ రెండింటి దగ్గరే వస్తాయి. యాప్‌లో క్యాబ్ బుక్ చేసుకుని భీమిలి వెళ్లడం తేలికే, అక్కడ తిరుగు క్యాబ్ దొరకడమే కష్టం. ఖర్చు తగ్గాలనుకుంటే 900కె సిటీ బస్సు ఉంది. రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ మీదుగా రుషికొండ దాటి భీమిలి వెళ్తుంది. బస్సులో వెళ్లేవాళ్లు సూర్యోదయం ఆశ వదులుకుని, మిగతా వరస ఇలాగే పాటించవచ్చు.

వెంట మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు ఉండాలి. తెల్ల బట్టలు వేసుకోకండి. ఎందుకో దిబ్బల దగ్గర అర్థమవుతుంది.

1. భీమిలి: తెల్లవారి నుంచి ఏడున్నర దాకా

ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. కాబట్టి సముద్రం మీద చూడాల్సింది ఉదయం. డిసెంబరు, జనవరిలో ఆరుంబావు దాటాక, మే నెలాఖరు నుంచి జూన్‌లో ఐదుంబావు దాటాక పొద్దు పొడుస్తుంది. దానికి ఇరవై నిమిషాల ముందే ఒడ్డున ఉండండి. ఆకాశంలో రంగులు మారేది ఆ ఇరవై నిమిషాల్లోనే.

భీమిలి, అంటే భీమునిపట్నం, చిన్న ఊరే కానీ పాత ఊరు. 1861లోనే మున్సిపాలిటీ అయింది. డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల సమాధుల తోట బీచ్ పక్కనే ఉంది. రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి, చేత్తో రుద్దకండి. పాత దీపస్తంభం, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు కూడా నడిచి చూసేంత దగ్గర్లోనే ఉంటాయి. నది మొగ దగ్గర మాత్రం నీళ్లలోకి దిగొద్దు. నది నీరు, పోటు నీరు కలిసే చోట అడుగున ఇసుక ఏ రోజుకారోజు కదులుతుంది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువెత్తు ఉండొచ్చు.

టిఫిన్ ఇక్కడే చేసేయండి. దారిలో ఆ వేళకు తెరిచి ఉండేవి తక్కువ.

2. ఎర్రమట్టి దిబ్బలు: తొమ్మిదిలోపు బయటపడాలి

ఈ దారిలో ఒకే ఒక్కటి చూసే టైముంటే ఇదే చూడండి. భీమిలి నుంచి విశాఖ వైపు వస్తుంటే కొద్ది కిలోమీటర్లలోనే, రోడ్డుకు కొండ వైపున కనిపిస్తాయి. పేరులో మట్టి ఉన్నా ఇది ప్రధానంగా ఇసుక. ఒక్కో ఇసుక రేణువు చుట్టూ ఐరన్ ఆక్సైడ్ పూత పట్టి ఈ ఎరుపు వచ్చింది. సముద్రమట్టం ఎన్నోసార్లు పెరిగి తగ్గిన వేల ఏళ్ల కాలంలో గాలి మోసుకొచ్చిన ఇసుక పేరుకుని దిబ్బలైంది. వాన నీరు దాన్ని కోస్తూ పోయి ఈ వంకర టింకర లోయలు చెక్కింది. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో తప్ప దక్షిణాసియాలో దాదాపు ఎక్కడా లేవు. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

లోయల్లోకి దిగేటప్పుడు ఎడమా కుడీ ఒకేలా కనిపిస్తాయి, మలుపులు తెలియవు. రోడ్డు వైపున్న సరుగుడు చెట్లనో, ఏదైనా స్తంభాన్నో గుర్తు పెట్టుకోండి. ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకుంటే తిరుగు దారి తప్పరు. నలభై నిమిషాల నడక సరిపోతుంది.

ఇక్కడి పెద్ద ప్రమాదం అంచులు విరగడం. పై నుంచి గట్టిగా కనిపించే అంచు కింద వాన నీరు తొలిచేసి ఉంటుంది. మనిషి బరువు పడగానే గోడంతా జారుతుంది. ఫోటో కోసం అంచు చివరకు వెళ్లడం, నిట్టనిలువు గోడల కింద కూర్చోవడం, పిల్లలు గోడలెక్కి జారడం అసలు వద్దు. వాన పడిన మర్నాడు లోయల్లోకి దిగకండి. సీసాలో కాస్త ఎర్ర ఇసుక పట్టుకుపోదామని చాలామందికి అనిపిస్తుంది. వేల ఏళ్లు పట్టి పేరుకున్న సొత్తు అది, అక్కడే ఉండనివ్వండి. చెప్పులకు అంటింది చాలు, ఇంటిదాకా వస్తుంది. బట్టలకంటిన ఎరుపును తడిగుడ్డతో రుద్దితే లోపలికి ఇంకుతుంది. ఆరాక దులిపి, ఆ తర్వాతే ఉతకాలి.

3. మంగమారిపేట, తొట్లకొండ

మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన సహజ రాతి తోరణం ఉంది. సముద్రం తగ్గినప్పుడే బాగా కనిపిస్తుంది. పోటు వేళ ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి స్థిరమైన టైము చెప్పలేం. ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలరిని "బాబాయ్, నీరెప్పుడు తగ్గుద్ది?" అని అడగండి, సరిగ్గా చెప్తారు. తోరణం మీదికి ఎక్కకండి. నాచు పట్టిన రాయి జారుతుంది, తోరణానికీ ఆ బరువు మంచిది కాదు.

దానికి ఎదురుగా ఉన్న కొండే తొట్లకొండ. కొండ రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. నౌకాదళం విమానం నుంచి సర్వే చేస్తున్నప్పుడు 1976లో ఈ స్థలం బయటపడింది. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి హీనయాన బౌద్ధారామం ఇది. మహాస్తూపం, చైత్యగృహాలు (ప్రార్థన మందిరాలు), భిక్షువుల గదుల పునాదులు వరసగా ఉంటాయి. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్రంలో ఓడలు కనిపించేంత ఎత్తున ఆరామం ఎందుకు కట్టారో, వాళ్లకు వర్తకులతో సంబంధమేమిటో ఆ నాణేలే చెబుతాయి.

చూసే వరస ఇలా ఉంటే బాగా అర్థమవుతుంది. ముందు తొట్ల దగ్గరకు వెళ్లండి. కొండ మీద ఊట లేని చోట వాన నీటిని ఎలా దాచుకున్నారో కనిపిస్తుంది. తర్వాత గదులు, చివరికి స్తూపం. పునాది గోడల మీద నడవొద్దు. పైదాకా రోడ్డుంది. బస్సు దిగి నడిచేవాళ్లు ఎక్కడానికి అరగంట వేసుకోండి. దగ్గర్లోని బావికొండ కూడా ఇలాంటిదే. బౌద్ధం మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉంటే తప్ప ఒక్క రోజులో రెండూ అక్కర్లేదు.

4. రుషికొండ: నీళ్లలోకి దిగాలనుకుంటే ఇక్కడే

శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన బీచ్ ఇది. స్నానానికి హద్దులు గీసిన చోటు, కాపలా ఉండే గజ ఈతగాళ్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. హద్దు దాటకుండా నడుము లోతు వరకే దిగండి. కయాక్, జెట్ స్కీ ఎక్కేముందు లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ మీరే పెట్టుకుని, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీకు పెద్దది, మార్చమని అడగాలి.

విశాఖ సముద్రం గురించి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఏటా ఈ తీరంలో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఈత రాకే కాదు, నీటి తీరు తెలియక కూడా పోతాయి. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఏదో ఒక సందులోంచి తిరిగి లోపలికి పోవాలి. ఆ సందులో నీరు ఏరులా పరుగెడుతుంది. పై నుంచి చూస్తే అక్కడ అలలు విరగవు, నురగ తక్కువ, నీరు ముదురు రంగులో ప్రశాంతంగా ఉంటుంది. కొత్తవాళ్లు "ఇక్కడ అలలు లేవు, బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు.

ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. వెల్లకిలా తేలుతూ నిదానంగా ఊపిరి తీసుకుంటూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగండి. ఆ పాయ సన్నగానే ఉంటుంది. అలలు విరిగే చోటికి రాగానే అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకే దూకొద్దు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన సందర్భాలున్నాయి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, తాడు, ఏది దొరికితే అది విసిరి, గజ ఈతగాళ్లను కేకేసి, 112కి ఫోన్ చేయండి.

ఆర్కే బీచ్, యారాడ బీచ్ చూడటానికి ఎంత బాగున్నా స్నానానికి పనికిరావు. ఒడ్డు నుంచి రెండడుగులకే లోతు తెగుతుంది, తిరిగిపోయే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. అక్కడ పాదాలు తడుపుకోండి, అంతే.

మధ్యాహ్నం భోజనం రుషికొండలోనో ఊళ్లోకి వచ్చాకో చేసి, గంటసేపు నీడన కూర్చోండి. చేపలు తినాలనుకుంటే ఒక మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మరపడవలు సముద్రం మీదికి వెళ్లవు. అప్పుడు దొరికే వంజరం, సందువా చాలావరకు ఐసులో నిలవున్నవే.

5. కైలాసగిరి: మూడు దాటాక

ఉదయం కొండ మీద నుంచి చూస్తే ఎండ ఎదురుగా పడి సముద్రం తెల్లగా మెరుస్తుంది, కళ్లు చికిలించాలి. మూడు దాటితే సూర్యుడు వెనక్కి వస్తాడు. నీలం సముద్రం, వంపు తిరిగిన తీరం, దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ స్పష్టంగా తేలతాయి. ఎక్కేటప్పుడు రోప్‌వేలో వెళ్లండి. గాలి ఎక్కువైతే దాన్ని ఆపేస్తారు, అప్పుడు రోడ్డు మార్గమే. శివపార్వతుల విగ్రహం, చుట్టు రైలు చూసి గంటన్నరలో దిగిపోవచ్చు.

6. ఐఎన్ఎస్ కుర్సురా, టీయూ-142

జలాంతర్గామి సాధారణంగా మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా, ఆదివారం ఉదయం కూడా తెరుస్తారు. బయల్దేరేముందు ఆ రోజు వేళలు ఒకసారి చూసుకోండి. ఐదింటికల్లా చేరితే వరస చిన్నగా ఉంటుంది.

కుర్సురా సోవియట్ తయారీ. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా నిలబడి ఉంది. పొడవు 91 మీటర్లు దాటుతుంది కానీ లోపల నడిచే దారి ఒక మనిషికే సరిపోతుంది. గదికీ గదికీ మధ్య గుండ్రటి చిన్న ద్వారాలుంటాయి. ముందు ఒక కాలు, తర్వాత వంచిన తల, చివరికి రెండో కాలు, ఈ క్రమంలో దాటితే నుదురు బొప్పి కట్టదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లనూ, ఇరుకు చోట ఊపిరాడనట్టు అనిపించేవాళ్లనూ బలవంతం చేయొద్దు, మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. లోపల వివరించేవాళ్లను టార్పెడో గొట్టాల దగ్గరా, పడకల దగ్గరా ప్రశ్నలడగండి. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి అక్కడ ఎలా వండుకున్నారో, ఎలా పడుకున్నారో వింటే ఆ ఇనుప గొట్టం ఇల్లులా కనిపిస్తుంది.

రోడ్డుకు అవతల ఉన్న పెద్ద విమానం టీయూ-142. సముద్రం మీద నిఘాకు 29 ఏళ్లు ఎగిరి 2017లో రిటైరైంది. టికెట్ వేరు. పిల్లలుంటే తప్పక చూపించండి.

7. చీకటి పడ్డాక ఆర్కే బీచ్

మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) బండి ఎంచుకోవడానికి ఒకటే లెక్క. అడిగాక కలిపే బండి దగ్గర తీసుకోండి, ముందే కలిపి కుప్ప పోసినది వద్దు. ఉల్లిపాయ, టమాటా నీరు తగిలిన ఐదు నిమిషాలకే మురీలు మెత్తబడతాయి. నిమ్మరసం చివర్లో పిండించుకుని, అక్కడే నిలబడి తినేయండి. కారం ఇక్కడ ధాటిగానే వేస్తారు, పిల్లలకైతే ముందే చెప్పాలి.

ఇంకో రోజు ఉందంటే సింహాచలం పొద్దున్నే వెళ్లండి. అరకు, బొర్రా గుహలను మాత్రం ఆ రోజులో ఇరికించకండి. అరకు 110 కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్డు, దానికి పూర్తిగా ఒక రోజు కావాలి.