కుంకుమ భరిణె పాఠాలు – నాలుగవ భాగం: మూత

మూడవ భాగం రాసి ఏడు వారాలు గడిచాయి. కావాలనే ఆగాను. అప్పుడు లేతు (కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద పైపైన తిప్పి పక్కన పెట్టమన్న రెండు ముక్కలు, గిన్నెకు ఒకటి, మూతకు ఒకటి, ఇన్నాళ్ళూ మీ ఇంట్లో బీరువా మీదో మంచం కిందో ఆరుతూ ఉండాలి. వారానికి ఒకసారి వంటింటి త్రాసు మీద తూచి, ఆ బరువును ముక్క మీదనే పెన్సిలుతో రాయమన్నాను. వరుసగా మూడు వారాలు బరువు మారకుండా నిలిచి ఉంటే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇంకా ఒకటి రెండు గ్రాములు తగ్గుతూనే ఉంటే ఈ పాఠాన్ని చదివి దాచుకోండి, ఉలి మాత్రం పట్టకండి.

ఈ భాగంతో చదవడం మొదలుపెట్టినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. మనం చేస్తున్నది పనస కర్రతో కుంకుమ భరిణె. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవారు తొలిచేది కూడా పనస మొద్దునే. 80 మిల్లీమీటర్ల వ్యాసం, 140 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఒకే దుంగను గుండ్రంగా తిప్పి, రెండు చివర్లా చక్కు (కర్రను లేతుకు బిగించి పట్టే భాగం) దవడలు పట్టుకోవడానికి చిన్న మొలలు చెక్కాం. సన్నటి పార్టింగ్ ఉలితో మూడో వంతు మూతకు, మిగిలింది గిన్నెకు వచ్చేలా కోశాం. రెండింటినీ పది మిల్లీమీటర్ల గోడ మిగిలేలా తొలిచాం. కోయడానికి ముందు దుంగ పొడవునా ఒక పెన్సిలు గీత గీశాం. ఆ గీతతో ఈ రోజు చాలా పని ఉంది.

ఒకే దుంగ అని, నార (కర్ర పోగులు సాగే దిశ) ఇరుసు వెంట, అంటే కర్ర తిరిగే నడిగీత వెంట, సాగాలని నేను పదేపదే ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు చెప్పాలి. బెంగళూరు వచ్చిన కొత్తలో, మారతహళ్ళిలో అద్దె ఇంటి మేడమీద రేకుల షెడ్డులో లేతు పెట్టుకుని, మా అమ్మ కోసం నా మొదటి భరిణె చేశాను. గిన్నె పనసతో చేశాను. మూతకు మాత్రం నల్లగా, అందంగా ఉంటుందని ఒక జిట్టేగి (రోజ్‌వుడ్) పలక ముక్క వాడాను. గిన్నెలో నార నిలువుగా ఉంది, మూతలో అడ్డంగా ఉంది. మార్చి నెల సాయంత్రం మూత పెడితే మెత్తగా గాలి వదులుతూ దిగింది. ఎంత మురిసిపోయానో చెప్పలేను. వరలక్ష్మీ వ్రతం నాటి ఉదయం అమ్మ ఊరినుంచి ఫోను చేసింది. "మూత రావడం లేదు నాన్నా, చెంచాతో ఎత్తితే అంచు విరిగింది" అంది. కొత్త చీర మీద, పీట మీద అంతా కుంకుమ. అమ్మ ఏమీ అనలేదు. ఆ విరిగిన అంచును నేను ఇప్పటికీ పనిబల్ల సొరుగులో ఉంచుకున్నాను.

జరిగింది ఇది. కర్ర నరికిన తరువాత కూడా గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ సగం ఉన్నప్పుడు కర్రలో సుమారు తొమ్మిది శాతం నీరు నిలుస్తుంది. గాలి తేమ ఎనభై శాతానికి చేరితే అది పదహారుకు పోతుంది. బెంగళూరులో మార్చి మధ్యాహ్నాలు ఎండి పెళపెళలాడతాయి, జూలైలో ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. మీ కర్ర ఏడాదిలో ఆ రెండు కొసలనూ చూస్తుంది. తేమ పెరిగినప్పుడు అది అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. నార పొడవునా దాదాపు కదలదు. చెట్టు వయసు తెలిపే వలయాలను అనుసరించి ఎక్కువగా ఉబ్బుతుంది, వలయాలకు అడ్డంగా, అంటే చెట్టు నడిమి నుంచి బెరడు వైపుకు, అందులో సుమారు సగం. అరవై మిల్లీమీటర్ల మెడ (మూత లోపలికి దిగే గిన్నె పై అంచు) ఉన్న భరిణెలో తేమ నాలుగు శాతం పెరిగితే ఒక దిక్కున అర మిల్లీమీటరు, రెండో దిక్కున పావు మిల్లీమీటరు పెరుగుతుందనుకోండి. మూత కుదరడానికి మనం వదిలే సందు అంతకంటే తక్కువే.

నార ఇరుసు వెంట ఉన్న గిన్నె నోరు కొద్దిగా కోలగా మారుతుంది. అదే దుంగ నుంచి వచ్చిన మూత కూడా అదే దిక్కున, దాదాపు అంతే కోలగా మారుతుంది. ఇద్దరూ కలిసి కదులుతారు. పలక నుంచి చేసిన మూత ఒక దిక్కున ఉబ్బుతుంది, రెండో దిక్కున అసలు కదలదు. దాన్ని నిలువు నార గిన్నెలో కూర్చోబెడితే ఏదో ఒక కాలంలో బిగుసుకుంటుంది. రంగుల మీద మోజు ఉంటే మూత మీద వేరే కర్రతో బొడిపె పెట్టండి, మెడ మీద కూర్చునే భాగం మాత్రం గిన్నె తోబుట్టువే కావాలి.

ఇక లేతు దగ్గరకు వద్దాం. ముఖానికి కవచం, ముక్కుకు దుమ్ము ముసుగు పెట్టుకోండి. మెడలో గొలుసు, చున్నీ, వదులు చేతుల చొక్కా ఏవీ ఉండకూడదు. చేతి తొడుగులు కూడా వద్దు, తిరిగే కర్ర వాటిని పట్టుకుంటే వేళ్ళను కూడా లాక్కుంటుంది. పని మధ్యలో కరెంటు పోతే ముందుగా స్విచ్చి ఆపండి. తిరిగి వచ్చినప్పుడు లేతు దానంతటదే తిరగడం మొదలుపెడితే, చేతిలో కాలిపర్స్ (వ్యాసం కొలిచే పరికరం) ఉన్న మనిషికి తేరుకునే సమయం దొరకదు.

మూతతో మొదలుపెట్టండి. మూత లోపల గిన్నె మెడ కూర్చునే గాడిని ఒకసారి వెడల్పు చేశాక మళ్ళీ ఇరుకు చేయలేం. గిన్నె మెడనైతే వెంట్రుకవాసి చొప్పున తగ్గిస్తూ గాడికి సరిపెట్టవచ్చు. అందుకే ముందు గాడి, తరువాత మెడ.

మూత ముక్కను దాని మొలతో చక్కులో బిగించండి. ఆరేటప్పుడు అది వంకరపోయి ఉంటుంది కాబట్టి ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, టూల్ రెస్టుకు (ఉలిని ఆనించే కడ్డీకి) తగలడం లేదని చూసుకోండి. నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర మొదలుపెట్టి బయటి వైపు, ముఖం సరిచేయండి. లోపల తొలిచేటప్పుడు స్పిండిల్ గౌజ్‌ను (దోనెలా వంపు ఉన్న ఉలిని) నడిమి నుంచి అంచు వైపుకు నడపండి. నార నిలువుగా ఉన్నప్పుడు ఈ దిక్కున కోస్తేనే ప్రతి పోగుకు వెనుక ఇంకో పోగు ఆసరాగా ఉంటుంది. అంచు నుంచి నడిమికి వస్తే పోగులు చిరిగి గరుకుతేలుతాయి. అడ్డ నార గిన్నెలు తిప్పే అలవాటు ఉన్నవారికి ఇది తలకిందులు, చేయి పాత దారినే వెతుక్కుంటుంది. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా చేయండి.

ఇప్పుడు గాడి. మూత అంచుకు లోపల, ఆరు మిల్లీమీటర్ల లోతున, గోడ ఇరుసుకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. భరిణె మొత్తంలో ఈ ఆరు మిల్లీమీటర్లు అన్నిటికంటే కష్టమైనవి. నోరు ఇరుకై లోపల వెడల్పైతే, మెడ ఒక్క గీత దగ్గరే తగిలి మూత ఊగుతుంది. నోరు వెడల్పై లోపల ఇరుకైతే, మూత చివరి వరకు దిగక ఎగిరి వస్తుంది. చదరపు మూల ఉన్న స్క్రేపర్‌ను (గీకే ఉలిని) సన్నగా ఆనించి, లేతు ఆపి, లోపలి కాలిపర్స్‌తో నోటి దగ్గర ఒకసారి, లోతున ఒకసారి కొలవండి. రెండు కొలతలూ ఒకటే కావాలి. ఒకటయ్యే వరకు ఎన్నిసార్లు ఆపవలసి వచ్చినా ఆపండి. నేను ఇప్పటికీ నాలుగైదు సార్లు ఆపుతాను.

మూత లోపలి గుమ్మటానికి 180 నంబరు నుంచి 400 నంబరు వరకు గరుకు కాగితం వేసి ఇప్పుడే నునుపు చేయండి, తరువాత అక్కడికి వేలు చేరదు. గాడి గోడకు మాత్రం కాగితం తగలనీయకండి. మెత్తటి పోగులు త్వరగా అరిగి, గట్టివి నిలిచి, మీరు కష్టపడి సాధించిన గుండ్రదనం పోతుంది.

మూతను విప్పి గిన్నెను చక్కులో బిగించండి. ముఖం సరిచేసి, గాడి కొలత కంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ వ్యాసంతో, అయిదు మిల్లీమీటర్ల పొడవున మెడ చెక్కండి. గాడి లోతు ఆరు, మెడ పొడవు అయిదు. ఆ ఒక్క మిల్లీమీటరు ఖాళీ లేకపోతే మెడ అడుగుకు తగిలి, భుజాల దగ్గర ఎప్పటికీ సందు కనిపిస్తుంది. తరువాత మెడ కొసను కొద్దిగా ఏటవాలు చేసి, లేతు ఆపి, మూతను దాని మీద పెట్టి చేత్తో అటూ ఇటూ తిప్పండి. కర్ర మీద కర్ర రాసుకున్న చోట సన్నటి మెరుగు గీత పడుతుంది. మీ గాడి అసలు కొలత అదే, ఏ పరికరమూ అంత నమ్మకంగా చెప్పదు. ఆ గీత వరకు మెడను సమాంతరంగా దించుకుంటూ రండి. మళ్ళీ ఆపండి, మళ్ళీ పెట్టి చూడండి. మూత గట్టిగా నొక్కితే తప్ప దిగనంత బిగువుగా ఉండగానే ఆగిపోండి.

ఇంత బిగువు ఎందుకంటే, ఇప్పుడు మూతకు చక్కు గిన్నెనే. పెన్సిలు గీతలు రెండూ కలిసేలా మూతను నొక్కి పెట్టి, టెయిల్‌స్టాక్ (లేతు రెండో కొసన కర్రకు ఆసరా ఇచ్చే భాగం) మొనను మూత నడినెత్తికి ఆనించి, రెండింటినీ ఒకే ఆకారంగా బయటినుంచి తిప్పండి. భరిణె రూపం ఈ ఘట్టంలోనే పుడుతుంది. నాకు పొట్ట కిందికి జారిన ఆకారం ఇష్టం, మా పాత ఊళ్ళలో ఇత్తడి భరిణెలు అలాగే ఉండేవి. మీకు నచ్చిన రూపాన్ని ముందే కాగితం మీద గీసుకుని లేతు వెనుక గోడకు అంటించుకోండి. మూత, గిన్నె కలిసే చోట పార్టింగ్ ఉలి మొనతో సన్నటి గాడి ఒకటి తీయండి. నునుపుగా కలిసిపోయిన అతుకు ఈ రోజు ముచ్చటగా ఉంటుంది కానీ, వర్షాకాలంలో కర్ర కదిలినప్పుడు అక్కడ గోటికి తగిలే మెట్టు వస్తుంది. ఆ గాడి నీడలో మెట్టు కనిపించదు. చివరగా మూత మీది మొలను బొడిపెగా మలచండి. టెయిల్‌స్టాక్ తీసేశాక మిగిలిన చుక్కంత కర్రను చాలా తేలికగా, మృదువుగా కోయండి. ఆ క్షణంలో మూతను పట్టి ఉంచేది మెడ బిగువు ఒక్కటే. భయంగా ఉంటే అతుకు చుట్టూ ఒక వరుస టేపు చుట్టండి.

మెడ ఎక్కువగా అరిగి మూత వదులైందా? కంగారుపడకండి. మెడ మీద పలచటి కాగితం ముక్క వేసి మూతను నొక్కి బయటి పని పూర్తి చేయవచ్చు. మరీ వదులైతే పాత మెడను పూర్తిగా కోసేసి, అయిదు మిల్లీమీటర్లు కిందికి కొత్త మెడ చెక్కండి. గిన్నె కాస్త పొట్టిదవుతుంది, అంతే.

మూత తీసి గిన్నె లోపల తొలవండి. లోతు గుర్తుకు డ్రిల్లుకు టేపు చుట్టి నడిమిలో రంధ్రం వేసుకుంటే అడుగు తగులుతుందన్న భయం ఉండదు. గోడ అయిదు, అడుగు ఆరు మిల్లీమీటర్లు ఉంచండి. అడుగు మూలలు గుండ్రంగా ఉండాలి. మూల పదునుగా ఉంటే కుంకుమ అక్కడే పేరుకుని, ఉంగరపు వేలికి అందదు. లోపల నూనె, వార్నిష్ ఏదీ పూయకండి, కుంకుమ ఉండకడుతుంది. 400 కాగితంతో ఆపేయండి.

తొలిచాక మూత మళ్ళీ పెట్టి చూడండి. లోపలి కర్ర పోవడంతో నోరు కొంచెం కదిలి, పొద్దున్నటి బిగువు మారి ఉంటుంది. కుదురును ఇప్పుడే నిర్ణయించాలి. గిన్నెను తలకిందులు చేసినా మూత పడిపోకుండా, తీస్తే టప్‌మని పలికేలా చేయడం నేర్పుకు గుర్తు అని చాలామంది అంటారు. అద్దాల బీరువాలో ఉండే వస్తువుకు అది సరే. పూజ దగ్గర ఒక చేతిలో హారతి పళ్ళెం ఉంటుంది, రెండో చేత్తో భరిణె తెరవాలి. బిగుతు మూత ఒక్క కుదుపుతో ఊడితే కుంకుమ ఎక్కడ పడుతుందో మా అమ్మ చీర చెబుతుంది. అందుకే నా కొలత వేరు: మూతను రెండు వేళ్ళతో ఎత్తితే గిన్నె దానితో లేవకూడదు, పక్కకు కదిపితే మూత ఊగకూడదు. మడిచిన 400 కాగితాన్ని తిరుగుతున్న మెడకు రెండు చుట్లసేపు ఆనించి, ఆపి చూస్తూ ఆ కుదురుకు రండి.

పెన్సిలు గీతలు కలిపి చూసినప్పుడు బాగుంటే సరిపోదు. వాడేవారు గీతలు చూసి మూత పెట్టరు. పావు చుట్టు తిప్పి, సగం చుట్టు తిప్పి, ముప్పావు తిప్పి, నాలుగు దిక్కులా పెట్టి చూడండి. ఎక్కడ పట్టేస్తుందో అక్కడ మెడ మీద మెరుగు కనిపిస్తుంది. లేతు ఆపి, ఆ చోట మాత్రమే కాగితంతో తాకండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో చేసేవారు ఇంకొక వెంట్రుకవాసి వదులు ఉంచాలి. ఆగస్టులో చేసేవారు కొంచెం బిగువుగానే వదలవచ్చు, వేసవి దాన్ని సరిచేస్తుంది.

అడుగు మొల తీయడం త్వరగా అయ్యే పని. ఏదైనా పనికిరాని ముక్కను చక్కులో బిగించి, గిన్నె నోరు దాని మీద బిగువుగా కూర్చునేలా చెక్కి, గిన్నెను బోర్లించి, టెయిల్‌స్టాక్ ఆసరాతో మొలను తీసేయండి. అడుగు నడిమిలో కాస్త లోపలికి వంగి ఉంటే భరిణె పీట మీద కదలకుండా నిలుస్తుంది.

వచ్చే భాగం లక్క పని గురించి. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని నొక్కి, ఆ రాపిడి వేడితోనే కరిగించి, మొగలి ఆకుతో మెరుగుపెట్టే పద్ధతి అది. బెంగళూరుకు అరవై కిలోమీటర్ల దూరంలో మైసూరు దారిలో ఉన్న చన్నపట్నంలోనూ, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలోనూ అంకుడు కర్ర మీద ఈ పని తరతరాలుగా సాగుతోంది. వీలైతే ఈ లోపు ఒక ఆదివారం చన్నపట్నం వెళ్ళి, లేతు పక్కన నిలబడి చూసి రండి, ముఖ్యంగా కడ్డీని వారు ఎంత బలంతో నొక్కుతున్నారో గమనించండి. అంతవరకు భరిణెకు ఏమీ పూయకుండా, మూత పెట్టి, దేవుడి గూటిలో ఉంచండి. రెండు వారాల తరువాత మూతను మళ్ళీ నాలుగు దిక్కులా పెట్టి చూసి, పట్టేసిన దిక్కును గిన్నె అడుగున పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.