బ్లాక్ పౌడర్ రివాల్వర్ నకళ్లలో స్ప్రింగుల సమస్యలు: లక్షణం, కారణం, మరమ్మతు

ఇటలీలోని బ్రెషియా ప్రాంతంలో ఉబెర్టి, పియెట్టా సంస్థలు తయారుచేసే కోల్ట్ 1851 నేవీ, 1860 ఆర్మీ నకళ్లు పైకే కాదు, లోపల కూడా పంతొమ్మిదో శతాబ్దపు పద్ధతినే పాటిస్తాయి. (పాతకాలపు తుపాకీమందు అయిన బ్లాక్ పౌడర్‌ను మాటకు మాట తెలుగు చేస్తే నల్లమందు అవుతుంది, దాని మత్తు వేరు కనుక ఇంగ్లీషు మాటనే వాడుతున్నాను.) హామర్‌ను వెనక్కి లాగినప్పుడు పనిచేసే స్ప్రింగులు మూడే. హామర్‌కు దెబ్బ బలాన్నిచ్చేది మెయిన్ స్ప్రింగ్. ట్రిగ్గర్‌నూ, సిలిండర్‌ను కదలకుండా పట్టే బోల్ట్‌నూ కలిపి నొక్కేది రెండు కాళ్ల స్ప్రింగ్. సిలిండర్‌ను తిప్పే ‘హ్యాండ్’ అనే చిన్న మీటకు బిగించి ఉండే సన్నని రేకు మూడోది. మూడూ బద్ద స్ప్రింగులే కాబట్టి, వంగిన చోటే మళ్లీ మళ్లీ వంగి ఏదో ఒకనాడు విరుగుతాయి.

విప్పే ముందు నిపుల్స్ (సిలిండర్ వెనుక ఉండే బోలు మొనలు) మీద క్యాప్‌లు (హామర్ దెబ్బకు పేలి మందును అంటించే చిన్న టోపీలు) లేవనీ, సిలిండర్‌లో మందు, గుండు నింపే గదులన్నీ ఖాళీగా ఉన్నాయనీ కంటితో చూసి నిర్ధారించుకోవాలి. బ్యారెల్‌ను, సిలిండర్‌ను తీసి పక్కన పెట్టిన తరువాతే మిగిలిన పని మొదలుపెట్టాలి.

సమస్య: సిలిండర్ ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు.

ఇక్కడ విప్పకుండానే రోగం కనిపెట్టవచ్చు. ఖాళీ రివాల్వర్ గొట్టాన్ని నేలవైపు వంచి హామర్ లాగండి, తరువాత ఆకాశం వైపు ఎత్తి లాగండి. వంచినప్పుడు తిరిగి, ఎత్తినప్పుడు తిరగకపోతే హ్యాండ్ స్ప్రింగ్ విరిగినట్టే. స్ప్రింగ్ ఆసరా పోయిన హ్యాండ్ గొట్టం కిందికి ఉన్నప్పుడు తన బరువుతోనే ముందుకు వాలి సిలిండర్ పళ్లను అందుకుంటుంది, పైకి ఎత్తగానే వెనక్కి పడిపోతుంది. నా నేవీ నకలు ఒక శీతాకాలమంతా ఇలా సతాయిస్తే, సిలిండర్ ఇరుసుకు మసి పట్టిందనుకుని దాన్నే తోముతూ కూర్చున్నాను.

మరమ్మతుకు తేలికైన దారి, స్ప్రింగ్‌తో సహా కొత్త హ్యాండ్ కొనడం. పాతదాన్నే నిలుపుకోవాలంటే, గాడిలో మిగిలిన ముక్కను సన్నని పంచ్‌తో తొలగించి, కొత్త రేకును దూర్చి, గాడి అంచును మెల్లగా కొట్టి మూయాలి. ఆడవాళ్ల తలపిన్ను ముక్కతో పని గడుపుకున్నవారూ ఉన్నారు. శాశ్వతంగా కావాలంటే ఫ్రేములో రంధ్రం వేయించి, చుట్ట స్ప్రింగ్‌తో నెట్టే చిన్న కడ్డీని అమర్చవచ్చు. రూగర్ సంస్థ 1972 నుంచి 2008 వరకు తయారుచేసిన ఓల్డ్ ఆర్మీ అనే బ్లాక్ పౌడర్ రివాల్వర్‌లో చుట్ట స్ప్రింగులే ఉండేవి. అయితే రంధ్రం వేయడం ఇంటి డ్రిల్‌తో చేయదగిన పని కాదు.

సమస్య: హామర్ పూర్తిగా లాగినా సిలిండర్ బిగుసుకోదు, లేదా ట్రిగ్గర్ వదులుగా ఊగుతుంది.

రెండింటికీ మూలం ఒకటే కావచ్చు. రెండు కాళ్ల స్ప్రింగులో బోల్ట్ వైపు కాలు విరిగితే సిలిండర్ చేతితో తిప్పినా తిరుగుతుంది, ట్రిగ్గర్ వైపు కాలు విరిగితే హామర్ నిలవదు. వెనుక పట్టీ, పిడి తీసి, మెయిన్ స్ప్రింగ్ మరను వదులుచేసి, స్ప్రింగును హామర్ కిందినుంచి పక్కకు తప్పించి, ట్రిగ్గర్ గార్డ్‌ను విప్పితే విరిగిన ముక్క తరచు గార్డ్‌తోపాటే ఊడి వస్తుంది. మర గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకుండా ఈ పనికి దిగితే, స్ప్రింగ్ కన్నా ముందు మరల తలలు పాడవుతాయి.

దీని బదులు పియానో తీగతో వంచిన స్ప్రింగును వేయడం మంచి మెరుగుదల. అది త్వరగా విరగదు, ట్రిగ్గర్‌ను కూడా తేలిక చేస్తుంది. కానీ బోల్ట్ మీది ఒత్తిడి మరీ తగ్గితే, హామర్‌ను వేగంగా లాగినప్పుడు సిలిండర్ ఆగవలసిన గాడిని దాటి పోతుంది. స్ప్రింగ్ బాగానే ఉండి కూడా బోల్ట్ లేవకపోతే, హామర్ మీది చిన్న బుడిపెను ఎక్కే బోల్ట్ కాలు అరిగిందేమో చూడాలి. అది స్ప్రింగ్ మార్చితే పోయే రోగం కాదు.

సమస్య: మొదటి దెబ్బకు క్యాప్ పేలదు.

చాలామంది వెంటనే మెయిన్ స్ప్రింగును అనుమానిస్తారు. రెండో దెబ్బకు పేలిందంటే, క్యాప్ నిపుల్ మీద పూర్తిగా కూర్చోకపోవడం వల్ల మొదటి దెబ్బ దాన్ని కిందికి నెట్టడానికే ఖర్చయిందని అర్థం. నిపుల్‌కు సరిపడే కొలత క్యాప్‌లు వాడితే సరిపోతుంది. రెమింగ్టన్ 1858 నకళ్లలో మాత్రం పిడి ముందు పట్టీలో మెయిన్ స్ప్రింగ్‌ను బిగించే మరను తప్పక చూడాలి, ఎందుకంటే హామర్ తేలికగా రావాలని దాన్ని వదులుచేసేవారున్నారు. అది కాల్పుల అదురుకు ఇంకా వదులవుతూ పోతుంది.

తేలిక మెయిన్ స్ప్రింగ్ గురించి నాకు మొదటి నుంచీ అనుమానమే. క్యాప్ పేలినప్పుడు నిపుల్ గుండా వెనక్కి వచ్చే వాయువు బలహీనమైన హామర్‌ను ఎత్తివేస్తుంది. దానితో చిరిగిన క్యాప్ ముక్కలు హామర్ సందులో పడి, తరువాతి గుండుకు అంతా ఇరుక్కుపోతుంది. అయినా తగ్గించాలనుకుంటే స్ప్రింగ్ మందం జోలికి పోకుండా, వెడల్పునే పొడవు దిశలో, వేడెక్కనివ్వకుండా అరగదీయాలి. అడ్డంగా పడిన ప్రతి గీతా రేపటి పగులే.

ఏ స్ప్రింగ్ మార్చినా, అన్నీ బిగించాక ఖాళీ రివాల్వర్‌తో సగం లాగిన స్థితిలో ట్రిగ్గర్ నొక్కి చూడాలి. హామర్ జారిందంటే ఆ రివాల్వర్‌లో బ్లాక్ పౌడర్ పోయకూడదు.