స్పర్శ తగ్గిన కాళ్లకు చెప్పులు ఎంచుకోవడం ఎట్లా

చెప్పుల దుకాణంలో "ఎట్లుంది, సరిపోయిందా?" అని అడిగితే నరాలు దెబ్బతిన్న కాలు సరైన జవాబు ఇవ్వదు. స్పర్శ తగ్గినవాళ్లకు సరైన సైజు వదులుగా అనిపిస్తుంది. వేళ్లను నొక్కిపట్టేది తొడిగితేనే "ఆ, ఇప్పుడు సరిగ్గుంది" అనిపిస్తుంది. షుగర్ ఉన్న చాలామంది ఒక సైజు చిన్నవి వేసుకుని తిరగడానికి కారణం ఇదే. అందుకని కొనేటప్పుడు కాగితాన్ని, చేతిని, కంటిని నమ్మాలి.

మీ కాళ్లు ఏ స్థితిలో ఉన్నాయో ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకోండి. ఇంట్లోవాళ్లు చూపుడువేలి కొసతో మీ రెండు కాళ్ల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఒక్కోటి ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా ముట్టాలి. నొక్కొద్దు, గోకొద్దు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే దెబ్బ తగలకుండా కాలిని కాపాడే స్పర్శ పోయినట్టే లెక్క. అప్పుడు డాక్టరు దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష, అంటే సన్నటి నైలాన్ పోగుతో పాదాన్ని తాకి చూసేది, చేయించుకోవాలి. తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే రావు. బి12 లోపం, మద్యం, కుష్టు, కొన్ని క్యాన్సర్ మందులు కూడా కారణం కావచ్చు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లు బి12 కూడా చూపించుకోవడం మంచిది.

కొలత సాయంత్రం తీయండి. పొద్దంతా నిలబడ్డాక కాళ్లు కొంచెం వాస్తాయి, చెప్పు ఆ వాపుకు కూడా సరిపోవాలి. మందపాటి కాగితం మీద రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేసి నిలబడండి. మరొకరు పెన్సిల్‌ను నిట్టనిలువుగా పట్టి చుట్టూ గీత గీయాలి. పెన్సిల్ లోపలికి వంగితే కాలు చిన్నగా వస్తుంది, అక్కడే లెక్క తప్పుతుంది. రెండు కాళ్లవీ గీయించండి, పెద్దదాన్నే పట్టుకోండి. మడమ నుంచి అన్నిటికంటే పొడుగున్న వేలి దాకా కొలవాలి. కొందరికి అది బొటనవేలు కాదు, రెండోవేలు. ఈ పొడవుకు చెప్పు లోపల కనీసం 1 సెం.మీ. ఎక్కువుండాలి, 2 సెం.మీ. దాటొద్దు. కాలు 25 ఉంటే లోపలి పొడవు 26, 26.5 దగ్గర చూడండి. మరీ పొడుగైతే కాలు లోపల ముందుకూ వెనక్కీ జారి చర్మం రాసుకుంటుంది. మన దుకాణాల్లో దొరికే యూకే సైజుల్లో ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ తేడా దాదాపు 8.5 మి.మీ.

గీసిన కాగితాన్ని కత్తిరించి దుకాణానికి తీసుకుపోండి. హన్మకొండ చౌరస్తా అయినా, కరీంనగర్ బజారైనా ఇదే పద్ధతి. బూటైతే లోపలి అట్ట బయటికి లాగి, దాని మీద కాగితం పెట్టండి. ఎక్కడైనా కాగితం అంచు బయటికొస్తే, ముఖ్యంగా వేళ్ల మొదళ్ల దగ్గర, ఆ జత మీది కాదు. "రెండ్రోజులు తొడిగితే సాగుతది" అంటారు. అది సాగేలోపు మీ చర్మం పుండు పడుతుంది, ఆ సంగతి మీకు తెలియదు కూడా.

ఇక రకం. మడమ వెనక పట్టీ తప్పనిసరి. పట్టీ లేని చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియక నాలుగడుగులు నడిచేవాళ్లున్నారు. బొటనవేలు, రెండోవేలు మధ్య బొడిపె ఉండే హవాయి చెప్పులు వద్దు. వేళ్ల సందున కోసుకుపోయేది అక్కడే. పట్టీలకు బకిల్ కన్నా వెల్క్రో మేలు, వాపును బట్టి సర్దుకోవచ్చు. మడమ ఎత్తు రెండున్నర సెం.మీ. లోపు. వేళ్ల దగ్గర వెడల్పుగా, పైన ఎత్తుగా ఉండాలి. చెయ్యి లోపలికి పెట్టి మొత్తం తడమండి: కుట్టు ముడులు, లేచిన అంచులు, మేకు మొనలు ఏవీ తగలొద్దు.

అడుగు రెండు పొరలుగా ఉండాలి. కాలికి తగిలేది మెత్తగా, నేలకు తగిలేది గట్టిగా. పై పొరకు ఎంసీఆర్, అంటే సన్నటి బుడగలున్న రబ్బరు, 10 నుంచి 12 మి.మీ. మందం ఉంటే మంచిది. బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి దిగాలి, వదలగానే పైకి లేవాలి. వేలు తగిలిన వెంటనే అట్టలా కూర్చుండిపోయే స్పాంజి పనికిరాదు. "డాక్టర్ చెప్పులు" అని అమ్మేవాటిలోనూ ఈ బాపతువి ఉండొచ్చు, పేరు చూసి కొనొద్దు. కింది పొర పలచనైతే తుమ్మ ముల్లు నేరుగా దిగుతుంది. ముల్లు దిగినట్టు తెలియని కాలికి అది వారం రోజులు లోపలే ఉండగలదు.

బొడిపెల ఆక్యుప్రెషర్ చెప్పులు అసలే వద్దు. తిమ్మిర్లు పోతాయని పెద్దవాళ్లకు ప్రేమగా కొనిచ్చేది ఇవే. స్పర్శ లేని అరికాలికి ఒక్కో బొడిపె ఒక్కో ఒత్తిడి పుండు.

మెత్తపొర వేయించుకోవాలంటే చెప్పులు కుట్టే ఆయనకు స్పష్టంగా చెప్పండి: సొల్యూషన్‌తోనే అతికించాలి, మేకులు కొట్టొద్దు. పొర వేశాక లోపల ఎత్తు తగ్గుతుంది, వేళ్లు పైకి తగలట్లేదా మళ్లీ చూడండి. వేళ్లు వంకర్లు పోయినా, ఆనెకాయలు మళ్లీ మళ్లీ వస్తున్నా, ఇంతకుముందు పుండు మానినా, బజారు చెప్పులు చాలవు. కాలి అచ్చు తీసి చేయించుకోవాలి. కుష్టు వల్ల స్పర్శ పోయినవాళ్లకు ప్రభుత్వ కుష్టు నిర్మూలన కార్యక్రమంలో ఎంసీఆర్ చెప్పులు ఉచితంగా ఇస్తారు, దగ్గరి పీహెచ్‌సీలో అడగండి.

మొద్దుబారడం కన్నా మంటలు ఎక్కువున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు తాకిడే భరించరానిది. పైభాగం సాగే గుడ్డతో, గాలి ఆడేలా, కుట్లు లేకుండా ఉన్నది చూసుకోవాలి. తోలు బూట్లు ఎండాకాలం అస్సలు పడవు.

బూట్లకు సాక్సు లేకుండా కాలు పెట్టొద్దు. తెల్లవి గానీ లేత రంగువి గానీ తీసుకోండి, రక్తం, చీము మరక వెంటనే కనిపిస్తుంది. మందపాటి కుట్టు ఉంటే తిరగేసి తొడగండి. పిక్క మీద ఎలాస్టిక్ గుర్తు లోతుగా పడుతుంటే మార్చండి.

కొత్త జత మొదటి రోజు ఇంట్లోనే, గంట మించకుండా. విప్పాక కాలంతా చూడండి, అరికాలి కింద అద్దం పెట్టి గానీ ఇంకొకరితో గానీ. ఎర్రటి మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే అక్కడ ఒత్తుతున్నట్టు. ఆ జత వాపసు చేయండి, అందుకే కొనేముందే దుకాణంలో మాట్లాడుకోవాలి. మచ్చ రాకపోతే రోజుకు గంట చొప్పున పెంచండి. పెళ్లికో జాతరకో కొత్తవి తొడుక్కుని పోవడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

చెప్పులు విప్పే చోట్లే అసలు చిక్కు. ఇంట్లో తిరగడానికి వేరే జత పెట్టుకోండి, అది గడప దాటొద్దు. ఏప్రిల్, మే నెలల్లో వేయిస్తంభాల గుడికో భద్రకాళి గుడికో పోతే పొద్దున్నే పోండి. మధ్యాహ్నం బండ మీద కాలిన సంగతి సాయంత్రం బొబ్బ చూస్తే గానీ తెలియదు, పలచటి సాక్సు ఆ వేడిని ఆపదు. మేడారంలో జంపన్నవాగు స్నానం అయ్యాక వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడిచి, వెనక పట్టీ ఉన్న జత తొడగండి. కొమురవెల్లి మల్లన్నకు మొక్కున్నా అగ్నిగుండం తొక్కొద్దు, మొక్కు ఇంకోలా తీర్చుకోవచ్చు.

పొలం పనికి గమ్‌బూట్లు ఫర్వాలేదు, కానీ లోపల చెమట నిలిచి చర్మం నానుతుంది. రెండు గంటలకోసారి విప్పి, తుడిచి, సాక్సు మార్చాలి. నాట్లకు ఒట్టి కాళ్లతో దిగే పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పజెప్పండి.

పొద్దున తొడిగే ముందు రెండు చెప్పులూ తిరగేసి దులపండి. రాయి, మేకు, తేలు ఏదైనా ఉండొచ్చు. రెండు జతలుంటే ఒకటి ఆరుతుండగా ఇంకొకటి వాడండి. మెత్తపొరలో మీ వేళ్ల గుంటలు పడి, నొక్కినా లేవకపోతే పైన కొత్తగా కనిపించినా మార్చేయాలి.

పాదం ఒకటి నొప్పి లేకుండానే వాచి, ఎర్రబడి, రెండోదానికన్నా వేడిగా ఉంటే, లేదా పుండు, నలుపు కనిపిస్తే చెప్పుల కోసం వెతకొద్దు. ఆ కాలి మీద బరువు మోపకుండా అదేరోజు డాక్టరు దగ్గరికి పోండి.