పిర్రలకు పని చెప్పడం ఎలా?

20 ఏళ్లు కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. మెట్లెక్కితే నడుము పట్టేసేది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చూసి, "నడుముది కాదు ఆంటీ తప్పు, మీ పిర్రలు పని మానేశాయి" అంది. నవ్వొచ్చింది గానీ నిజమే.

ముందు కండరాన్ని చేత్తో తెలుసుకోండి. పిర్ర మీద అరచెయ్యి ఆనించి కుర్చీలోంచి లేవండి. గట్టిపడేది గ్లూటియస్ మాక్సిమస్, ఒంట్లోకెల్లా పెద్ద కండరం. తొడను వెనక్కి నెట్టి మనిషిని నిలబెట్టేది అదే.

ఇప్పుడు చెయ్యి పక్కకి జరపండి, లంగా బొందు కట్టే చోటుకి నాలుగు వేళ్ల కిందకి. ఒంటికాలి మీద నిలబడితే ఆ కాలి వైపు బిగుసుకునేది గ్లూటియస్ మీడియస్, పిర్ర పక్కనుండే కండరం. దాని అడుగున మినిమస్ అనే ఇంకో కండరం ఉంటుంది, చేతికి అందదు. ఈ రెండూ నీరసిస్తే ఎత్తిన కాలి వైపు తుంటి కిందికి జారిపోతుంది. అద్దంలో చూసుకున్నాను, నాది కుడివైపు జారింది. అంటే లోపం ఎడమ పిర్రది!

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. మడమలతో నేలను నొక్కుతూ పిర్రలు పైకెత్తి, 5 లెక్కపెట్టి దించండి. 10 సార్లు చాలు. తొడ వెనక పట్టేస్తుంటే పాదాలు పిర్రలకు ఇంకాస్త దగ్గరగా లాక్కోండి. మీడియస్ కోసం పక్కకు తిరిగి పడుకుని పైకాలు ఎత్తాలి, వేళ్లు ముందుకే చూడాలి. కాలిలోకి తిమ్మిరి దిగితే మాత్రం ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

బాబిన్‌లో దారం అయిపోయిన ప్రతిసారీ, బల్ల పట్టుకోకుండా లేచి కూర్చుంటున్నాను.