లంక గ్రామంలో నీరు పోయనక్కరలేని మరుగుదొడ్డికి అనుమతి ఎలా తెచ్చుకోవాలి?

ధవళేశ్వరం దిగువన కాలువలు పారినన్నాళ్లూ, మరీ ముఖ్యంగా గోదావరి వరద పోటు మీదున్న జూలై నుంచి సెప్టెంబరు దాకా, గోదావరి పాయల మధ్య దీవుల్లాంటి మా లంకల్లో మూరెడు లోతు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. అలాంటి నేలలో ఒరలు దించి కట్టిన గుంత మరుగుదొడ్డి వానాకాలమంతా నిండే ఉంటుంది. పోసిన నీరు పోదు సరికదా, గుంతలోని మురికి పక్కవారి బోరు నీటిలో కలుస్తుంది. నేలను తవ్వకుండా, మట్టానికి పైనే రెండు అరలు కట్టి, మూత్రాన్ని వేరుగా పంపి, మలం మీద బూడిద చల్లి ఎండబెట్టే ఎకోసాన్ మరుగుదొడ్డి ఈ చిక్కుకు మంచి విరుగుడు. దీనిని కట్టడం తాపీ మేస్త్రికి పెద్ద పని కాదు; అనుమతి దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు.

ముందుగా అనుమతి ఎందుకు ఆగుతుందో తెలుసుకోవాలి. 2013 నాటి మాన్యువల్ స్కావెంజర్ల నియామక నిషేధ, పునరావాస చట్టం ప్రకారం, మలం పూర్తిగా కుళ్లి మట్టిగా మారకముందే మనిషి దానిని చేత్తో ఎత్తవలసి వచ్చే ప్రతి మరుగుదొడ్డీ అపరిశుభ్రమైనదే, నిషిద్ధమే. తరతరాలుగా కొన్ని కులాలవారిచేత మలం ఎత్తించిన పాకీదొడ్లను రూపుమాపడానికి వచ్చిన చట్టం అది, దానిని ఏ కొంచెమూ సడలించకూడదు. నేను మొదటిసారి దరఖాస్తులో ‘పొడి మరుగుదొడ్డి’ అని మాత్రమే రాశాను. అది పదిరోజుల్లో తిరిగి వచ్చింది. అధికారి అనుమానం న్యాయమైనదే, ఎందుకంటే మలం ఎవరు తీస్తారో, ఎప్పుడు తీస్తారో నా కాగితంలో ఎక్కడా లేదు. మీ దరఖాస్తు అంతా ఆ ఒక్క ప్రశ్నకు సమాధానంగా ఉండాలి. పేరు కూడా ‘మూత్రాన్ని వేరుచేసే రెండు అరల ఎకోసాన్ కంపోస్టు మరుగుదొడ్డి’ అని పూర్తిగా రాయండి.

మొదటి పని స్థలం. ఇంటి పన్ను రసీదు, స్థలం పట్టా లేదా దస్తావేజు నకలు సిద్ధం చేసుకోండి. కాలువ గట్టు, డ్రెయిను పోరంబోకు మీద కట్టదలిస్తే అనుమతి రాదు, అడగవద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికీ ఉప్పుటేర్లకూ దగ్గరగా ఉన్నవారు తమ స్థలం తీర నియంత్రణ మండలంలోకి (తీరం దగ్గర కట్టడాలపై ఆంక్షలున్న ప్రాంతంలోకి) వస్తుందేమో గ్రామ సచివాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

రెండో పని నీటి మట్టానికి రుజువు తీసుకోవడం. ఇది వరద రోజుల్లోనే చేయాలి. కాలువలు కట్టేసిన వేసవిలో తవ్వితే నేల పొడిగా కనబడి మీ వాదనకే దెబ్బ తగులుతుంది. పెరట్లో గడ్డపలుగుతో చిన్న గొయ్యి తీసి, ఒక పూట ఆగి, నీరు నిలిచిన మట్టం దగ్గర కొలత కర్ర నిలబెట్టి ఫోటో తీయండి. గుంత అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య కనీసం 2 మీటర్ల పొడి నేల ఉండడం మంచిదని సాంకేతిక మార్గదర్శకాలు చెబుతాయి. మీ ఫోటోలో నీరు అడుగున్నరలోనే కనిపిస్తే గుంత ఎందుకు కుదరదో వేరే చెప్పనక్కరలేదు. ఇంటి గోడ మీద పాత వరద మరక ఉంటే దాని ఎత్తు కూడా కొలిచి రాయండి, ఎందుకంటే అరల అడుగు ఆ మరకకు పైన ఉండాలి.

మూడో పని నక్షా. అసలు శ్రద్ధ ఇక్కడే పెట్టాలి. ఒక మనిషి మలం ఏడాదికి సుమారు 50 లీటర్లవుతుంది. బూడిదతో కలిపి దానికి రెట్టింపు అనుకుంటే ఐదుగురున్న ఇంటికి ఏడాదికి 500 లీటర్ల చోటు కావాలి. 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తున్న అరలో 630 లీటర్లకు పైగా పడుతుంది. ఈ లెక్కను నక్షా పక్కనే రాయండి. ఒక అర నిండాక మూసేసి రెండోది వాడుతుంటే, మూసినది ఏడాది పాటు ముట్టుకోకుండా ఉంటుంది. 20 డిగ్రీలకు పైబడిన వేడిలో ఏడాదికి మించి నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు చెబుతున్నాయి, కనుక దానికి మరో రెండు నెలలు కలిపి లెక్కవేయడం క్షేమం. అరల అడుగున నీరు దిగని కాంక్రీటు, పైకప్పు దాటిన నాలుగంగుళాల గాలి గొట్టం, దాని మూతికి దోమల జాలీ, వెనుక బిగుతైన తలుపులు నక్షాలో స్పష్టంగా కనిపించాలి.

అధికారులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ‘మనవాళ్లు నీళ్లతో కడుక్కుంటారు కదా, ఆ నీరెక్కడికి పోతుంది?’ కడుక్కునే చోటును మలం పడే రంధ్రానికి పక్కన వేరుగా పెట్టి, ఆ నీటిని గొట్టంలో మెట్టతామర మడిలోకి మళ్లించినట్టు గీయండి. మూత్రం గొట్టం వాలుగా వెళ్లి మూత ఉన్న డబ్బాలో పడాలి. నీరు కలిపి కొబ్బరి పాదుకు పోసుకోవచ్చు. బూడిదకు మన ప్రాంతంలో కొరత లేదు: రైసుమిల్లు ఊక బూడిద బస్తా తెచ్చి లోపల డబ్బాలో ఉంచి, వాడిన ప్రతిసారీ రెండు గుప్పెళ్లు చల్లాలి. ఈ సంగతి కూడా నక్షా మీద ఒక వాక్యంగా రాయండి.

నాలుగో పని హామీ పత్రం. అరను మూసిన తేదీ నుంచి నిర్ణీత గడువు పూర్తయ్యే వరకు తెరవమనీ, తెరిచాక వచ్చిన ఎరువును ఇంటివారే తీసుకుంటారనీ, ఈ పనికి ఎవరినీ కూలికి పెట్టమనీ ఇంటి యజమాని సంతకం చేయాలి. ఇది చట్టం కోసం మాత్రమే రాసే మాట కాదు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒప్పుకున్నాకే సంతకం పెట్టండి.

దరఖాస్తును గ్రామ సచివాలయంలో ఇచ్చి తేదీతో కూడిన రసీదు తీసుకోండి. అంతకుముందే ఇంజినీరింగ్ అసిస్టెంటు గారికి నక్షా చూపించి, పంచాయతీ కార్యదర్శి గారితో నేరుగా మాట్లాడితే సగం సందేహాలు అక్కడే తీరతాయి. ఇరుగుపొరుగువారికి వాసన భయం ఉంటుంది. వారిని పిలిచి వివరించి, అభ్యంతరం లేదని సంతకాలు తీసుకుంటే మేలు. అధికారులు దరఖాస్తును నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితంతో మండల పరిషత్తు అభివృద్ధి అధికారినీ, గ్రామీణ నీటి సరఫరా, పారిశుధ్య విభాగం ఇంజినీరునూ కలవండి. సమాధానమే రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు స్థితి అడగవచ్చు; 30 రోజుల్లో చెప్పాలి.

స్వచ్ఛ భారత్ మిషన్ కింద అర్హులకు ఇచ్చే 12,000 రూపాయలు ఈ రకానికి కూడా వర్తిస్తాయా అన్నది కట్టకముందే రాతలో తేల్చుకోండి, పునాది నుంచి ప్రతి దశలోనూ ఫోటోలు దాచండి.

తనిఖీ రోజున ప్రతి అర తలుపు మీద పెయింటుతో రెండు తేదీల గడులు రాసి ఉంచండి: ‘మూసిన తేదీ’, ‘తెరవదగిన తేదీ’. మా ఇంటికి వచ్చిన తనిఖీ అధికారి నక్షా కన్నా ముందు ఆ తలుపునే చూసి, ఫోటో తీసుకుని, ఫైలు మీద సంతకం పెట్టారు.